పెల్లెట్లు కడిగితే గురి కుదురుతుందా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ మొదలుపెట్టి ఏడాది కాలేదు. పెల్లెట్ల (సీసపు గుళ్ల) కొత్త డబ్బా తెరిస్తే వేళ్లకు నల్లగా అంటుతోంది. పెల్లెట్లను సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి, ఒక్కొక్కటీ తూచి కాలిస్తే గ్రూప్ (షాట్లు పడే చోటు వెడల్పు) సగానికి సగం తగ్గుతుందని ఎవరో చెప్పారు. ఇదంతా నిజంగా అవసరమా, అవసరమైతే ఎలా చెయ్యాలి, ఇంట్లో ఉన్న పాత స్ప్రింగ్ రైఫిల్‌కి కూడా ఇదే పద్ధతా?

సూటిగా చెప్పాలంటే, మంచి మ్యాచ్ పెల్లెట్లను (పోటీల కోసం చేసినవాటిని) కడగొద్దు. చూసి ఏరుకోండి చాలు. కాల్చే ముందు స్కర్ట్ (పెల్లెట్ వెనక ఉండే గుల్ల భాగం) వైపు ఒకసారి చూడటం, సొట్ట పడ్డవాటిని పక్కన పెట్టడం, మీ బ్యారెల్‌కి నప్పే లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) వెతుక్కోవడం. ఈ మూడూ చేస్తే వచ్చే లాభం ముందు కడగడం వల్ల వచ్చేది లెక్కలోకే రాదు. కడగక తప్పని డబ్బాలు కొన్ని ఉంటాయి, వాటి సంగతి కింద రాశాను. స్ప్రింగ్ రైఫిల్‌కి నూనె విషయంలో లెక్క పూర్తిగా వేరు.

ముందు ఆ నలుపు గురించి. సీసం మెత్తటి లోహం, ఎంత శుభ్రంగా ఉన్నా వేళ్లకు అంటుతుంది. పెల్లెట్ తయారీలో సీసం తీగను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను అచ్చులో పెట్టి గట్టిగా నొక్కుతారు. అచ్చుకు అతుక్కోకుండా ఏదో ఒక జిడ్డు వాడతారు. తయారయ్యాక కొందరు కడిగి పలచటి పూత వేస్తారు, కొందరు గ్రాఫైట్ వాడతారు. గాలీ తేమా తగిలితే సీసం మసకబారి, తర్వాత తెల్లటి పొడి పడుతుంది. ఆ పూత దాన్ని ఆపుతుంది, బ్యారెల్‌లో సీసం పేరుకోకుండా కూడా కొంత సాయపడుతుంది. మీరు కడిగేద్దామనుకుంటున్న నలుపులో ఆ పూత కూడా ఉందన్నమాట.

కొత్తలో నేనూ ఇదే పని చేశాను. 500 పెల్లెట్ల డబ్బా మొత్తం ఒకేసారి గిన్నెలో పోసి, సబ్బు వేసి, చేత్తో బాగా కలిపి కడిగాను. తువ్వాలు మీద పరిచి రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచాను. పొద్దున ముట్టుకుంటే పొడిగానే ఉన్నాయి. డబ్బాలో పోసి మూత పెట్టాను. వారం తర్వాత తీస్తే సగం వాటికి స్కర్ట్ లోపల బూజు పట్టినట్టు తెల్లగా ఉంది. పెల్లెట్ వెనక గుంటలో చిన్న నీటిబొట్టు నిలిచిపోతుంది. పైకి ఆరినట్టే కనిపిస్తుంది, లోపల ఆరదు. దానికి తోడు చేత్తో కలిపినప్పుడు ఒకదానికొకటి కొట్టుకుని చాలావాటికి స్కర్ట్ అంచులు నొక్కుకుపోయాయి. మురికి వదిలించబోయి డబ్బానే వదిలించుకున్నాను.

మరి ఎప్పుడు కడగాలి? తెల్ల కాగితం మీద ఓ యాభై పెల్లెట్లు నెమ్మదిగా ఒంపండి. వాటిని తీసేశాక కాగితం మీద ఏం మిగిలిందో చూడండి. పలచటి బూడిదరంగు మరక మాత్రమే ఉంటే కడిగే పనిలేదు. మెరిసే సీసం రజను, సన్నటి పీచులాంటి తునకలు రాలితే, లేదా పెల్లెట్లు జిడ్డుగా ఒకదానికొకటి అతుక్కుని వస్తే అప్పుడు కడగొచ్చు. మ్యాచ్ పెల్లెట్లలో ఇది అరుదు. నాసిరకం డబ్బాల్లో మామూలే.

రేంజ్‌లో నేల మీద పడ్డ పెల్లెట్‌ని కడిగి వాడదామనుకోకండి. సీసం మెత్తగా ఉంటుంది కాబట్టి ఇసుక రేణువు అందులో గుచ్చుకుపోతుంది, నీళ్లకు ఊడి రాదు. అది బ్యారెల్ లోపల గీసుకుంటూ పోతుంది. ఒక్క పెల్లెట్ కోసం బ్యారెల్‌తో చెలగాటం దేనికి?

తెల్లటి పొడి పట్టినవాటిని కూడా కడగొద్దు, కాల్చొద్దు. ఆ పొడి సీసం సమ్మేళనం, ముక్కులోకి నోట్లోకి పోతే ప్రమాదం. వెనిగర్‌లో వేస్తే మళ్లీ మెరుస్తాయని ఒక సలహా తిరుగుతుంటుంది, దాన్ని అసలు పట్టించుకోకండి. వెనిగర్‌లోని ఆమ్లం సీసంతో కలిసి లెడ్ అసిటేట్ అవుతుంది. నీళ్లలో ఇట్టే కరిగే విషం అది, పైగా రుచికి తియ్యగా ఉంటుంది. అలాంటి పెల్లెట్లను గట్టి మూత ఉన్న సీసాలో వేసి, పాత సీసం తీసుకునేవాళ్లకు ఇచ్చేయండి.

సరే, మీ డబ్బా కడగాల్సిన రకమే అనుకుందాం. నేను ఇప్పుడు చేసే పద్ధతి ఇది. ఒకసారికి వంద, మహా అయితే నూటయాభై. వంటింటి గిన్నెలు వద్దు, ఈ పనికే ఒక ప్లాస్టిక్ గిన్నె, ఒక చిన్న ప్లాస్టిక్ జల్లెడ విడిగా పెట్టుకోండి. చేతులకు గ్లవ్స్. గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్, అంతకంటే అక్కర్లేదు. పెల్లెట్లను జల్లెడలో ఉంచి, జల్లెడనే నీళ్లలో ముంచి మెల్లగా అటూ ఇటూ ఊపాలి. పెల్లెట్లు ఒకదాని మీద ఒకటి దొర్లకూడదు, గలగలమని చప్పుడు వస్తోందంటే ఎక్కువ ఊపుతున్నట్టే. నీళ్లు బూడిదరంగు తిరుగుతాయి. మార్చి, సబ్బు లేకుండా రెండు మూడుసార్లు ఇలాగే జాడించండి. ఆఖరిసారి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి తీస్తే గుంటలో నిలిచిన నీటిని అది లాగేసుకుంటుంది. మంటకి దూరంగా, కిటికీలు తెరిచి ఉన్న గదిలో చెయ్యండి.

ఆరబెట్టడమే అసలు పని. నూలు రాలని గుడ్డ మీద పరిచి, గుడ్డ అంచులు పట్టుకుని మెల్లగా కదిపితే పెల్లెట్లు పొర్లి గుంటలోని తడి గుడ్డకు అంటుతుంది. తర్వాత హెయిర్ డ్రైయర్‌తో తక్కువ వేడిలో, మూరెడు దూరం నుంచి పది నిమిషాలు. సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు, కాబట్టి డ్రైయర్ వేడికి ఏమైపోతుందో అన్న టెన్షన్ వద్దు. కానీ వంటకు వాడే ఓవెన్ జోలికి మాత్రం పోకండి. ఆరిందో లేదో తెలియాలంటే నాలుగైదు పెల్లెట్లు తీసి స్కర్ట్ లోపల టిష్యూ కొనను మెలిపెట్టి దూర్చి చూడండి. టిష్యూ తడిస్తే ఇంకో పది నిమిషాలు.

కడిగిన మురికినీళ్లు వంటింటి సింక్‌లోనో మొక్కల మొదట్లోనో పొయ్యకండి. సీసాలో నిలవ ఉంచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వాలి. ఇంత తతంగం ఉందని తెలిస్తేనే సగంమందికి కడగాలన్న సరదా తీరిపోతుంది. తీరిపోతే మంచిదే.

ఇక నూనె. కడిగాక పూత పోయింది కాబట్టి మళ్లీ ఏదో ఒకటి పట్టించాలి, లేకపోతే నిలవలో తెల్లబడతాయి. 10 మీటర్ల రైఫిల్ వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు. ఆ వేగంలో పూత లేని పెల్లెట్ కాల్చినా బ్యారెల్‌లో సీసం పేరుకోవడం పెద్ద సమస్య కాదు, నూనె ముఖ్యంగా నిలవ కోసమే. సెకనుకు 270 మీటర్లు, ఆపైన కాల్చే శక్తివంతమైన పీసీపీల్లో (ముందే గాలి నింపిపెట్టే రైఫిళ్లలో) బ్యారెల్ కోసం కూడా పూత కావాలి. పెల్లెట్ల కోసమే అమ్మే లూబ్ (పూత నూనె) వాడండి. ఖాళీ డబ్బా అడుగున పలచటి ఫోమ్ ముక్క వేసి, దాని మీద మూడు నాలుగు చుక్కలు వేసి, వేలితో బాగా అదిమి పరిచి, పైన పెల్లెట్లు ఒక్క వరసగా పోసి డబ్బాను మెల్లగా తిప్పితే చాలు. చేత్తో పట్టుకుంటే మెరుపు కనిపించాలి, తడి తెలియకూడదు. ఎక్కువైతే ఒక్కో పెల్లెట్‌కి ఒక్కో మోతాదు అంటుతుంది, వేగం షాట్‌కీ షాట్‌కీ మారిపోతుంది. నూనె వల్ల గ్రూప్ పెరిగిందని వచ్చేవాళ్లలో చాలామంది డబ్బాలో స్ప్రే బాటిల్ గుమ్మరించినవాళ్లే.

ఇంకో సంగతి. పూత మారిస్తే బ్యారెల్ దానికి అలవాటు పడటానికి పది ఇరవై షాట్లు పడుతుంది. మొదటి అయిదు షాట్లు చూసి కడిగినవి పనికిరావనీ, కడిగినవి అద్భుతమనీ తేల్చెయ్యకండి.

ఇప్పుడు నేను నిజంగా చెప్పాలనుకున్నది, స్కర్ట్. మా దగ్గర నేర్చుకునే ఒక అమ్మాయికి ప్రతి పది షాట్లలో ఒకటో రెండో ఎనిమిదిలోకి పోయేవి. ఒకసారి ఎడమకి, ఒకసారి పైకి, ఒక పద్ధతంటూ లేదు. ట్రిగ్గర్ గుంజుతున్నావని నేనే నెల రోజులు ఆ పిల్లని సతాయించాను. ఒకరోజు పక్కన కూర్చుని లోడ్ చెయ్యడం చూశాను. డబ్బాను అరచేతిలోకి గుమ్మరించుకుని, వేళ్లతో కెలికి, ఒకటి తీసుకుని, మిగతావి మళ్లీ డబ్బాలోకి జారవిడుస్తోంది. డబ్బాలో ఉండాల్సిన ఫోమ్ బిళ్ల ఎప్పుడో పారేసింది. ఆ డబ్బా రోజూ బ్యాగులో గలగలలాడుతూ ప్రయాణం చేస్తోంది. దీపం కింద వంద పెల్లెట్లు పరిచి చూస్తే పదిహేనుకి పైగా స్కర్ట్ సొట్ట పడ్డవే. రైఫిల్‌ని క్లాంప్‌కి బిగించి, బాగున్నవి పది, సొట్టవి పది విడిగా కాల్చాం. బాగున్నవన్నీ ఒకే చిన్న రంధ్రంగా పడ్డాయి, సొట్టవి టార్గెట్ మీద చెల్లాచెదురయ్యాయి. ట్రిగ్గర్ విషయంలో ఆ అమ్మాయికి నేను సారీ చెప్పాల్సి వచ్చింది.

కారణం ఇది. పెల్లెట్ వెనక భాగం, అంటే స్కర్ట్, గాలి ఒత్తిడికి విచ్చుకుని బ్యారెల్ గోడను మూసేస్తుంది. 10 మీటర్ల రైఫిల్ శక్తి ఏడున్నర జౌల్స్ దరిదాపుల్లో ఉంటుంది. ఆ ఒత్తిడి చిన్న సొట్టను సరిచెయ్యడానికి చాలదు. బ్యారెల్ చివర పెల్లెట్ బయటపడే క్షణంలో సొట్ట ఉన్న వైపు నుంచి గాలి ముందుగా తప్పించుకుంటుంది, తోకను ఒక పక్కకు నెడుతుంది. సొట్ట ఏ వైపు ఉండేలా లోడ్ అయితే ఆ దిక్కుని బట్టి షాట్ తప్పుతుంది. అందుకే ఎడమా కుడీ అంటూ లేకుండా పోయేవి.

చూసే పద్ధతి పెద్ద విద్య కాదు. పలచటి ఫోమ్ లేదా గుడ్డ పరిచిన పళ్లెంలో పెల్లెట్లను స్కర్ట్ పైకి వచ్చేలా నిలబెట్టండి. టేబుల్ దీపాన్ని పై నుంచి కాకుండా పక్క నుంచి పడేలా వంచండి. బాగున్న స్కర్ట్ అంచు సన్నటి ఉంగరంలా మొత్తం వెలుగుతుంది. సొట్ట ఉంటే ఆ ఉంగరం ఒకచోట తెగినట్టు కనిపిస్తుంది. యాభైకి అయిదు నిమిషాలు పట్టదు. మ్యాచ్‌కి కావలసిన అరవై, దానికి తోడు సైటింగ్ షాట్లకు (ముందు గురి సరిచూసుకునేవాటికి) కావలసినవి ముందురోజు రాత్రి ఇలా ఏరి, గుంటలున్న ఫోమ్ ట్రేలో పెట్టుకుంటే లైన్‌లో నిలబడ్డాక పెల్లెట్ మీద అనుమానం ఉండదు. తీసినవాటిని పారెయ్యక్కర్లేదు, రైఫిల్ వేడెక్కించే మొదటి షాట్లకో, ట్రిగ్గర్ ప్రాక్టీస్‌కో వాడుకోండి. స్కర్ట్‌ని గుండ్రటి కొన ఉన్న పరికరంతో మళ్లీ సాగదీసే పద్ధతి ఉంది. నేను మ్యాచ్‌కి వాడను. ఒకసారి వంగి మళ్లీ సాగిన సీసం మీద నాకు నమ్మకం లేదు.

తూకం వెయ్యాలా? మీ దూరానికి అక్కర్లేదు. లెక్క చూడండి. మ్యాచ్ పెల్లెట్ బరువు సుమారు 0.53 గ్రాములు. అందులో 0.01 గ్రాము తేడా అంటే దాదాపు రెండు శాతం. శక్తి అంతే కాబట్టి వేగం ఒక శాతం మారుతుంది. 10 మీటర్లు వెళ్లేసరికి పెల్లెట్ సుమారు 18 మి.మీ. కిందికి దిగుతుంది, ఆ దిగుడులో వచ్చే తేడా 0.35 మి.మీ. మన టార్గెట్ మీద రింగ్‌కీ రింగ్‌కీ మధ్య 2.5 మి.మీ. ఉంటుంది, దశాంశ స్కోరింగ్‌లో ఒక్కో మెట్టు 0.25 మి.మీ. అంటే మహా అయితే 10.4 పడాల్సింది 10.3 లేదా 10.2 పడుతుంది. అది కూడా 0.01 గ్రాము తేడా ఉన్నప్పుడు, మంచి లాట్‌లో అంత తేడా కూడా మామూలుగా కనిపించదు. జాతీయ స్థాయిలో ఫైనల్‌కి పోయేవాళ్లు ఆ ఒకటి రెండు దశాంశాల కోసం తూస్తే అర్థం ఉంది. మనం కాల్చే పొజిషన్‌లో మన ఊపిరి ఒక్కటే అంతకు పదింతలు కదుపుతుంది.

అదే 50 మీటర్లలో అయితే తూకానికి విలువ ఉంది. 5.5 మి.మీ. పెల్లెట్, 1.03 గ్రాముల బరువు, సెకనుకు 175 మీటర్ల వేగం అనుకుంటే, 0.01 గ్రాము తేడాకి నాలుగైదు మిల్లీమీటర్లు పైకో కిందికో పోతుంది. ఫీల్డ్ టార్గెట్ (ఆరుబయట వేర్వేరు దూరాల గుర్తుల్ని కాల్చే పోటీ) వాళ్లు గంటల తరబడి తూస్తారంటే అందుకే. నగల తూకానికి వాడే, 0.001 గ్రాము చూపించే స్కేల్ కావాలి. దాన్ని ఫ్యాన్ గాలి తగలని చోట పెట్టాలి, లేకపోతే మీరు తూచేది గాలిని.

తూకం కంటే నాకు దొర్లించి చూడటం ఇష్టం. అద్దం పలకకు ఒక అంచు కింద పెన్సిల్ పెట్టి కొంచెం ఎత్తు చేసి, పై నుంచి పెల్లెట్‌ని ఒకే చోట నుంచి వదలండి. హెడ్ (ముందు భాగం) కంటే స్కర్ట్ కాస్త పెద్దది కాబట్టి పెల్లెట్ నేరుగా కాకుండా వంపు తిరిగి దొర్లుతుంది. ఒకే కొలతలున్నవన్నీ ఒకే చోటికి చేరతాయి. ఎగుడుదిగుడుగా ఊగుతూ దొర్లేదాన్ని తీసెయ్యండి, దానికి ఎక్కడో వంకర ఉంది. కంటికి కనిపించని సొట్టలు కూడా ఇందులో దొరికిపోతాయి.

డబ్బా మీద ఉండే హెడ్ సైజు, లాట్ నంబర్ గురించి రెండు ముక్కలు. 4.5 మి.మీ. పెల్లెట్లలో 4.49, 4.50, 4.51 అని రకాలుంటాయి. ఏది మంచిదన్న ప్రశ్నకి సమాధానం మీ బ్యారెల్ దగ్గరే ఉంది, నా దగ్గర లేదు. అదే కంపెనీ, అదే సైజు, వేరే లాట్ అయితే గ్రూప్ మారిపోవడం చాలాసార్లు చూశాను. పెద్ద షూటర్లు రైఫిల్ క్లాంప్‌కి బిగించి లాట్ తర్వాత లాట్ కాల్చి చూసి, నచ్చినది దొరికితే పెట్టెలకు పెట్టెలు తీసి పెట్టుకునేది ఇందుకే. కడగడానికి పెట్టే సమయం ఇక్కడ పెట్టండి.

కడిగితే బాగుంటుందో లేదో నా మాట కూడా నమ్మక్కర్లేదు, పరీక్షించుకోండి. ఒకే డబ్బాలోంచి స్కర్ట్ చూసి ఏరిన వంద పెల్లెట్లు తీసుకుని, యాభై కడిగి పూత వెయ్యండి, యాభై అలాగే ఉంచండి. ఏవి ఏ గిన్నెలో ఉన్నాయో మీకు తెలియకుండా స్నేహితుడిని పెట్టమనండి. పూత తేడా ఉంది కాబట్టి రెండో రకానికి మారేటప్పుడు ముందు ఓ పదిహేను షాట్లు ఊరికే కాల్చి, ఆ తర్వాత లెక్కలోకి వచ్చే అయిదేసి షాట్ల గ్రూపులు వెయ్యండి. ఏది కడిగినదో తెలిస్తే కన్ను మోసం చేస్తుంది. నేను ఇలా చేసినప్పుడు మ్యాచ్ పెల్లెట్లలో ఏది ఏదో టార్గెట్లు చూసి చెప్పలేకపోయాను. రజను రాలే నాసిరకంలో కడిగినవి కొంచెం నయంగా పడ్డాయి. కానీ ఆ కడిగిన నాసిరకం కూడా కడగని మ్యాచ్ పెల్లెట్ల దరిదాపుల్లోకి రాలేదు.

వేళ్లకు అంటే నలుపు గురించి మీరు గురి కోసం అడిగారు, నేను ఆరోగ్యం కోసం చెప్తాను. చర్మం గుండా సీసం లోపలికి పోయేది బహు తక్కువ, ప్రమాదమంతా చేతి నుంచి నోటికి పోవడంలో ఉంది. పెల్లెట్లను పెదాల మధ్య పట్టుకునే అలవాటు ఉంటే ఈరోజే మానెయ్యండి. కాలుస్తూ ఏమీ తినొద్దు. అయిపోయాక సబ్బుతో చేతులు కడుక్కుని ఆ తర్వాతే ఫోన్ ముట్టుకోండి. చిన్నపిల్లలున్న ఇంట్లో, గర్భిణులున్న ఇంట్లో పెల్లెట్లు కడిగే పని అసలు పెట్టుకోవద్దు.

మీ స్ప్రింగ్ రైఫిల్ సంగతి. పీసీపీలో ముందే నింపిన గాలి వ్యాకోచిస్తూ బయటికి వస్తుంది కాబట్టి చల్లబడుతుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ క్షణంలో గాలిని నలిపేస్తుంది, ఆ గాలి విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ పెట్రోలియం నూనె ఉంటే డీజిల్ ఇంజన్‌లోలాగా అంటుకుంటుంది. పెద్ద చప్పుడు, పొగ, కాలిన వాసన వస్తాయి. వేగం ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంటుంది. ఇది కొనసాగితే పిస్టన్ సీల్, స్ప్రింగ్ దెబ్బతింటాయి. కాబట్టి దానికి వేసే పెల్లెట్లకు మీరుగా నూనె పట్టించొద్దు, డబ్బాలో వచ్చింది వచ్చినట్టు వాడండి. డబ్బా నుంచే తడితడిగా వస్తే పొడి గుడ్డ మీద దొర్లించి జిడ్డు తీసెయ్యండి. పెల్లెట్‌ని బొటనవేలితో ఒకే లోతుకి, నిటారుగా కూర్చోబెట్టండి. వంకరగా కూర్చుంటే మూసేటప్పుడు స్కర్ట్ నలుగుతుంది, రాత్రి కూర్చుని ఏరింది అంతా వృథా. బ్యారెల్ విరిచి లోడ్ చేసే రకమైతే పెల్లెట్ పెట్టేంతసేపూ రెండో చెయ్యి బ్యారెల్ మీద నుంచి తియ్యకండి. అది జారి మూసుకుంటే వేలు పోతుంది.

డబ్బా వెనక లేబుల్ మీద హెడ్ సైజు, లాట్ నంబర్ ఏమున్నాయో మీరు రాయలేదు. అవీ, వీలైతే క్లాంప్ మీద కాల్చిన ఒక అయిదు షాట్ల టార్గెట్ ఫొటో పెడితే, తర్వాత ఏ సైజు ప్రయత్నించాలో చూసి చెప్తాను.